రెండు యూనియన్లలో సభ్యత్వం: నా రివ్యూ

మొదట ప్రైవేటు ఫ్యాక్టరీలో, తర్వాత ప్రభుత్వ శాఖలో పనిచేశాను. రెండుచోట్లా చందా కట్టాను కాబట్టి, జీతాల చర్చల్లో యూనియన్ మనకేం చేసిపెడుతుందో రెండు వైపులా చూశాను.

ఫ్యాక్టరీ యూనియన్‌కు అయిదుకు నాలుగు. కంపెనీ బ్యాలెన్స్ షీటు చదివి, ఆర్డర్లు ఎలా ఉన్నాయో, ఓవర్‌టైం ఎంత పడుతోందో లెక్క తేల్చుకున్నాకే డిమాండ్ల పత్రం రాసేవాళ్లు. బల్లకు అవతల కూర్చునేది డబ్బు ఇవ్వగలిగిన యాజమాన్యమే. పని ఆగితే ఆ రోజే వాళ్లకు నష్టం. కాబట్టి సంతకాలయ్యాక పెంపు కోసం మళ్లీ ఎవరి చుట్టూ తిరగక్కర్లేదు. ఆర్డర్లు పడిపోయిన ఏడాది మాత్రం షిఫ్టు ఎత్తేస్తామంటారు. అప్పుడిక ఉద్యోగాలు నిలబెట్టుకోవడమే పెద్ద డిమాండు.

శాఖ యూనియన్‌కు మూడే ఇస్తాను. ఇక్కడ మనతో మాట్లాడే అధికారి సరేనన్నా డబ్బు ఆయన చేతిలో ఉండదు. ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, బడ్జెట్‌లో చేరాలి, చట్టసభ ఆమోదించాలి. ఇంత తెలిసీ మా నాయకులు బడ్జెట్ ఖరారయ్యాక డిమాండ్లు పట్టుకెళ్లారు. నాకు చాలా కోపం వచ్చింది. బదిలీలు, ప్రమోషన్ల విషయంలో మాత్రం ఒక్కొక్కరి ఫైలు వెంట పడి న్యాయం చేయించారు. ఆ పని ఫ్యాక్టరీలో కూడా అంత బాగా జరగలేదు.

అయితే తప్పంతా నాయకులదే అనలేం. బేరమాడే హక్కు గురించి 1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 98వ ఒప్పందం ప్రభుత్వ పాలనలో ఉండే ఉద్యోగులకు వర్తించదని అందులోనే రాసి ఉంది. ప్రభుత్వోద్యోగుల కోసం విడిగా 151వ ఒప్పందం వచ్చేసరికి 1978 అయింది. అదీ చర్చలే జరపాలనదు, ఉద్యోగుల ప్రతినిధులు పాల్గొనే వేరే పద్ధతైనా చాలంటుంది. ఇక సమ్మె అంటారా, 1981లో అమెరికాలో సమ్మెకు దిగిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లలో 11 వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్లు ఫెడరల్ ఉద్యోగులు, చట్టప్రకారం వాళ్లకు సమ్మె హక్కు లేదు.

సమ్మె వద్దన్నచోట ఇద్దరూ నమ్మే మధ్యవర్తి ఉండాలి, ఆయన తీర్పుకు ప్రభుత్వమూ కట్టుబడాలి. శాఖలో కొత్తగా చేరేవాళ్లు సభ్యత్వం తప్పకుండా తీసుకోండి. తీసుకున్న రోజే రెండు ప్రశ్నలు అడగండి: డిమాండ్ల పత్రం బడ్జెట్‌కు ఎన్ని నెలల ముందు ఇస్తున్నారు? చర్చల్లో ఆర్థిక శాఖ మనిషి కూర్చుంటున్నారా?