సపెరావి: గుజ్జు కూడా ఎర్రగా ఉండే ద్రాక్ష

ఎర్ర వైన్‌కు వాడే ద్రాక్షల్లో చాలావాటికి రంగంతా తొక్కలోనే ఉంటుంది. పండు చిదిమితే రసానికి పెద్దగా రంగుండదు. జార్జియా దేశపు సపెరావి అలా కాదు. పండును సగానికి కోస్తే లోపలి గుజ్జు కూడా ఎర్రగానే కనిపిస్తుంది. జార్జియన్ భాషలో ఆ పేరుకు అర్థమే రంగు వేసేది అని. ఈ ద్రాక్షతో ఈమధ్యే చేసిన వైన్‌ను గ్లాసులో మూడో వంతు పోసి కింద అచ్చుకాగితం పెట్టి చూడండి. అక్షరాలు కనబడవు. అంచున మాత్రం ఊదా ఛాయ ఉంటుంది.

ఇంత చిక్కటి రంగు చూసి నోటికి బరువుగా ఉంటుందనుకుంటాం. కానీ ముందు తగిలేది పులుపు. ఆ వెంటే నల్ల చెర్రీ, బ్లాక్‌బెర్రీ, కాస్త మిరియాల ఘాటు, చివర్లో గట్టి వగరు. మాకు ఈ ద్రాక్ష మీద ఇష్టం కలిగింది ఆ పులుపు వల్లే. రెండో గ్లాసుకు కూడా మొహం మొత్తదు.

సీసా ఎంచుకోవడంలోనే ఎక్కువమంది పొరబడతారు. లేబుల్ మీద కిండ్జ్‌మరౌలి అని ఉంటే అదీ సపెరావే, కానీ కొంచెం తీపిది. పులియడం పూర్తికాకముందే చల్లబరిచి ఆపేస్తారు, దాంతో పండులోని చక్కెర కొంత మిగిలిపోతుంది. తీపి వద్దనుకుంటే ముకుజాని తీసుకోండి. ఇదీ సపెరావే, జార్జియాలోని కఖేటి ప్రాంతానిది, ఓక్ పీపాల్లో మాగుతుంది, వగరు కాస్త మెత్తబడి ఉంటుంది. మొదటిసారికి మా ఓటు దీనికే. క్వెవ్రి అని రాసి ఉంటే, లోపల తేనెమైనం పూసి భూమిలో పాతిన మట్టి బానల్లో తొక్కలతో సహా పులిసిందని అర్థం. 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన పద్ధతే అయినా, ఆ వైన్‌లో వగరు గరుకుగా తగలవచ్చు. ముకుజాని అలవాటయ్యాక దాని జోలికి వెళ్లండి.

తాగేటప్పుడు 16–18 డిగ్రీలు చాలు. అంతకన్నా వేడెక్కితే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది, మరీ చల్లబడితే వగరు చేదెక్కుతుంది. కొత్త సీసా అయితే గంట ముందే వెడల్పాటి జగ్గులోకి వంచండి. బిరడా తీసి ఊరికే ఉంచితే లాభం లేదు, సన్నటి మెడలోంచి గాలి తగలదు. పాత సీసాను మాత్రం ఒకరోజు నిలబెట్టి, అడుగున మడ్డి కదలకుండా మెల్లగా వంచి వెంటనే తాగాలి.

పక్కన కొవ్వున్న మాంసం ఉంటే వగరు సర్దుకుంటుంది. జార్జియాలో నిప్పుల మీద కాల్చే మాంసం ముక్కలు, మ్‌త్స్‌వాది, దీనికి సరిజోడు. చేపతో మాత్రం నోట్లో ఇనుప రుచి వస్తుంది. బట్టల మీద చిందితే రుద్దకుండా గుడ్డతో అద్ది, వెంటనే చన్నీళ్లు పోయండి. ఆరిందంటే పోవడం కష్టం.