మారిషస్ మేలా, ఫిజీ మేలా?

అనంతపురంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన మా మేనల్లుడు ఈ మధ్య రెండు దీవుల పేర్లు కలవరిస్తున్నాడు. ఒకటి మారిషస్, ఇంకోటి ఫిజీ. జీతమెంత, రూము ఇస్తారా అని ఇంట్లో అందరూ అడుగుతున్నారు గానీ టైము తేడా ఎంతని ఒక్కరూ అడగడం లేదు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది అదే.

మారిషస్ మనకంటే గంటన్నర వెనక. వాడు సాయంత్రం ఐదున్నరకు డ్యూటీ దిగితే ఇక్కడ ఏడవుతుంది. మా అక్క సంగటి కెలికి పెట్టి, ఫోను పట్టుకుని కూర్చునే వేళ. ఫిజీ సంగతి వేరు, మనకంటే ఆరున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. బావ అంగట్లో ఉంటాడు, అక్క కునుకు తీస్తుంటుంది. పోనీ ఇక్కడ రాత్రి ఎనిమిదికి తీరిగ్గా మాట్లాడదామంటే అక్కడ తెల్లవారుజామున రెండున్నర, తేదీ కూడా మారిపోయి ఉంటుంది. మన ఆదివారం రాత్రి వాడికి సోమవారం. నిజానికి 180 డిగ్రీల రేఖాంశం ఫిజీలోని తవేయుని దీవి మీదుగానే పోతుంది. దేశమంతా ఒకే తేదీలో ఉండాలని దినరేఖను, అంటే దాటగానే తేదీ మారే గీతను, తూర్పుకు వంచారు.

పండగల దగ్గర ఇది ఇంకా తిరకాసు. తిథిని సూర్యోదయాన్ని బట్టి కదా చూస్తాం. పాడ్యమి మనకు తెల్లవారుజామున మూడింటికి మొదలైందనుకోండి, ఆ పొద్దున ఇక్కడ ఉగాది. ఫిజీలో అదే తేదీన ఆరింటికి పొద్దు పొడిచేసరికి మనకింకా ముందురోజు రాత్రి పదకొండున్నరే, అమావాస్య పోలేదు. ఆ లెక్కన అక్కడ ఉగాది మరునాడు. ప్రతి ఏడూ ఇలా కాదు గానీ, ఇక్కడి క్యాలెండర్ తీసుకెళ్లి అక్కడి గోడకు తగిలిస్తే ఏకాదశులు కూడా తప్పుతాయి. మారిషస్‌లో ఈ చిక్కు అరుదు. పైగా అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు!

ఆ సెలవు ఊరికే రాలేదు. 1834 నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్లలో మన కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంతతి నేటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తుంది, రామభజన పాడుతుంది. బడుల్లో తెలుగు ఒక పాఠ్యాంశం. అలాగని బజారులో తెలుగు వినబడుతుందని ఆశపడొద్దు, అక్కడ నడిచేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష. ఆకలేస్తే ధోల్ పూరీ ఉంది. మన ఓళిగలోంచి బెల్లం తీసేసి ఉప్పేసినట్టుంటుంది, జంటగా చుట్టి కూర, కారం వేసి ఇస్తారు. సీమవాడికి ఆ కారం సరిపోతుంది. ఒక్కటే లోటు, రాజధాని పోర్ట్ లూయిస్ సాయంత్రం ఆఫీసులు మూయగానే బోసిపోతుంది.

ఫిజీకి 1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేల మంది కూలీలు వెళ్లారు, దక్షిణాది వాళ్లు 1903 నుంచి. అక్కడి తెలుగు చాలావరకు ఫిజీ హిందీలో కలిసిపోయింది. మావాడికి హిందీ వచ్చు కాబట్టి మాటకు ఇబ్బంది లేదు. మనుషులు కూడా త్వరగా కలుపుకుంటారు. కావా అనే మొక్క వేరు పొడిని నీళ్లలో కలిపి కొబ్బరి చిప్పలో ఇస్తారు. ఒకసారి చప్పట్లు కొట్టి గడగడా తాగేయాలి, తాగాక మూడుసార్లు కొట్టాలి, నాలుక తిమ్మిరెక్కుతుంది. ఆదివారం చర్చి రోజు, అంగళ్లు చాలావరకు మూసే ఉంటాయి. వానలంటారా, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే చాలనుకునే మన అనంతపురం వాళ్లకు ఫిజీ రాజధాని సువాలో కురిసే సుమారు 3,000 మిల్లీమీటర్లు చూస్తే కడుపు మండుతుంది.

తుపాన్ల భయం రెండు చోట్లా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది, అందులో ఎక్కువ తక్కువలు లేవు. దూరంలో మాత్రం ఉన్నాయి. మారిషస్‌కు ముంబై నుంచి నేరుగా విమానం, సుమారు ఆరు గంటలు. ఫిజీకైతే సింగపూర్‌లోనో హాంకాంగ్‌లోనో మారాలి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే ఆ టెన్షన్‌లో ఈ తేడా చిన్నది కాదు.

పెళ్లాం పిల్లలతో వెళ్లి స్థిరపడేవాళ్లయితే ఫిజీ వైపు మొగ్గినా తప్పులేదు, రోజూ ఫోన్ కోసం గడియారం చూసుకునే పని ఉండదు. మావాడు ఒంటరి, అమ్మతో మాట్లాడందే నిద్రపోడు. నా ఓటు మారిషస్‌కే. బావ మాత్రం జీతం సంగతి తేలాక మాట్లాడదామంటున్నాడు.