అనంతగిరి అడవిలో చెట్టు ఇల్లు: మంచె గట్టిదే, బ్యాటరీయే నీరసం

విశాఖ నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన, కాఫీ తోటల మధ్య ఉన్న పర్యాటకుల హాస్టల్ ఇది. పాత పనస, మామిడి చెట్ల మీద నాలుగు మంచెలు, ఒక్కోదాంట్లో నాలుగేసి పడకలు. బోర్డు మీద 'పర్యావరణ హితం' అని రాసుంది. చెట్టు విషయంలో ఆ మాట నిజమే.

కాండం చుట్టూ ఇనప తీగ బిగించలేదు. అలా బిగిస్తే చెట్టు లావెక్కేకొద్దీ తీగ బెరడులోకి దిగిపోతుంది, ఆకుల నుంచి వేళ్లకి ఆహారం అందదు, కొన్నేళ్లకి చెట్టే పోతుంది. ఇక్కడ లావాటి బోల్టులు దింపి వాటి మీద దూలాలు ఆనించారు. దూలం ఒక చివర బిగించి, రెండో చివర జారేలా వదిలేశారు. గాలికి రెండు చెట్లూ చెరో వైపు ఊగినా దూలం విరగదు. రాత్రి వినిపించే కిర్రు కిర్రు అదే, కంగారు పడక్కర్లేదు. చుట్టూ అన్ని సిల్వర్ ఓక్‌లున్నా వాటి జోలికి పోలేదు, మంచి పని చేశారు. మిరియాల తీగకి ఆసరాగా అవి బాగుంటాయి గానీ, గాలికి కొమ్మలు పుటుక్కున విరుగుతాయి.

కాండం పెరగాలి కదా, అందుకని గది నేలకీ దానికీ మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉంచారు. పైకప్పు దగ్గర లారీ ట్యూబు ముక్క చుట్టారు. అది చిరిగిన మంచెలో వానొస్తే కాండం వెంట నీళ్లు కారి చాప తడుస్తుంది. చీమల రాదారి కూడా అదే. కాండానికి దూరంగా ఉన్న పడక అడగండి, సంచి కొక్కేనికి తగిలించండి.

రెండు మంచెల గోడలకే, పురుగు పట్టకుండా బోరాక్స్ మందు పట్టించిన వెదురు వాడారు. మిగతా రెండింట్లో పొద్దున లేచేసరికి దుప్పటి మీద మెత్తటి పసుపు పిండి రాలి ఉంటుంది. వెదురులోని పిండిపదార్థం కోసం పుచ్చు పురుగు తొలిచిన పొడి అది. గది తీసుకునేముందే గోడ మీద సూది బెజ్జాలున్నాయేమో చూసుకోండి.

మరుగుదొడ్డి పొడి రకం. పని కాగానే రెండు దోసిళ్ల రంపపు పొట్టు వేయాలి. కడుక్కోవడానికి పక్కనే వేరే గుంట ఉంది. అలవాటు కొద్దీ పొట్టు వేసిన చోటే చెంబుడు నీళ్లు గుమ్మరిస్తేనే కంపు మొదలవుతుంది, ఎందుకంటే తడిసిన పొట్టులోకి గాలి ఆడదు. ఈ ముక్క గోడ మీద తెలుగులో రాస్తే సగం గొడవ తీరిపోయేది.

సోలార్ అసలు బాలేదు. పలకలో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక మూల కొమ్మ నీడ పడ్డా కరెంటు బాగా పడిపోతుంది. వీళ్లేమో పలకని తోట నీడలోనే పెట్టారు. బ్యాటరీ నిండక రాత్రి తొమ్మిదిన్నరకల్లా దీపం గుడ్డిదవుతుంది. పవర్ బ్యాంక్, టార్చి తప్పనిసరి.

తిండికి వంక లేదు. అడ్డాకుల విస్తరిలో భోజనం, పొద్దున రాగి అంబలి. బొంగులో చికెన్ అరగంటలో తెస్తామంటే నమ్మకండి. పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలంటే ముప్పావు గంటకి తక్కువ పట్టదు. సాయంత్రం ఆరింటికే చెప్పండి. ఇంత చేసి, తాగడానికి మాత్రం ప్లాస్టిక్ సీసాలు అమ్ముతున్నారు! ఊట నీళ్లు కాచి కుండలో పోస్తే సరిపోయేది.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి అరకు బస్సు ఎక్కితే అనంతగిరిలో దిగొచ్చు. కిరండూల్ రైలైతే బొర్రా గుహల స్టేషన్‌లో దిగి జీపు మాట్లాడుకోవాలి. సొంత బండైతే ఘాట్ ఎక్కకముందే ఎస్.కోట (శృంగవరపుకోట)లో పెట్రోలు, చేతిలోకి నగదు చూసుకోండి. వానాకాలంలో జలగలుంటాయి, చలికాలమే నయం. దోమతెర మాత్రం ఏ కాలంలోనైనా దించాల్సిందే, ఇది మలేరియా ప్రాంతం. ఇంటికెళ్లిన కొన్ని వారాల్లో జ్వరమొస్తే వెంటనే రక్తపరీక్ష చేయించుకుని, ఏజెన్సీలో పడుకొచ్చిన సంగతి డాక్టరుకి చెప్పండి.