స్టార్ కోసం పిక్‌లా, పిక్‌ల కోసం స్టారా?

2021లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFLలో ట్రేడ్ (జట్ల మధ్య మార్పిడి) ఒకటే, దారులు రెండు. పిక్ అంటే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే వంతు; ఫస్ట్ రౌండ్‌వే అన్నిటికంటే విలువైనవి. లాస్ ఏంజెలెస్ రామ్స్ రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక థర్డ్ రౌండ్ పిక్, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు) జారెడ్ గాఫ్‌ను ఇచ్చేసి డెట్రాయిట్ లయన్స్ నుంచి స్టార్ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చుకుంది. ఆ సీజన్‌లోనే లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కొట్టింది. మరుసటి ఏడాది గాయాలు చుట్టుముట్టాయి, బెంచ్ ఎంత పలచనో బయటపడింది: 5 గెలుపులు, 12 ఓటములు.

లయన్స్ 2021లో గెలిచినవి మూడే. అసలు తెలివి 2023లో కనిపించింది. రామ్స్ నుంచి వచ్చిన 6వ పిక్‌తో పాటు ఇంకొకటి అరిజోనా జట్టుకు ఇచ్చి, 12, 34 పిక్‌లు తీసుకుంది. వాటితో ఇద్దరు దొరికారు: రన్నింగ్ బ్యాక్ జామీర్ గిబ్స్, టైట్ ఎండ్ సామ్ లపోర్టా. 2024 జనవరి ప్లేఆఫ్స్‌లో ఆ రామ్స్‌నే 24-23తో ఇంటికి పంపింది.

టైటిల్ మాత్రం రామ్స్‌దే, కాదనలేం. అయినా నా ఓటు లయన్స్ పద్ధతికే. 17 మ్యాచ్‌ల సీజన్‌లో ఎవరో ఒకరు గాయపడక మానరు, అప్పుడు ఆదుకునేది బెంచే.