గ్రామ సంఘం బీమా సాయం: ఏది బాగుంది, ఎక్కడ జారిపోతోంది

శ్రీకాకుళం పల్లెల్లో ప్రధానమంత్రి బీమాల క్లెయిం పెట్టాలంటే, బ్యాంకుకన్నా ముందు డ్వాక్రా గ్రామ సంఘం దగ్గరికి వెళ్లడం మేలు. 2000లో పేదరిక నిర్మూలన పథకం వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో మనదీ విజయనగరమూ ఉన్నాయి. అప్పటినుంచీ పొదుపు పుస్తకాలు రాస్తున్న ఊళ్లివి. ఎవరి ఖాతా ఎక్కడుందో, నామినీ ఎవరో గ్రామ సంఘం పుస్తకాలు చూసే సహాయకురాలికి (వీఓఏ) తెలుస్తుంది. చావింట్లో అది చాలా పెద్ద సాయం.

ఖర్చు తక్కువే. జీవిత బీమా అయిన జీవన్ జ్యోతికి ఏడాదికి 436 రూపాయలు, ప్రమాద బీమా అయిన సురక్షకు 20. మొదటిది ఏ కారణంతో పోయినా 2 లక్షలిస్తుంది, రెండోది ప్రమాదంలో పోతేనో, పూర్తి అంగవైకల్యం వస్తేనో. 50 ఏళ్లు దాటితే జీవన్ జ్యోతిలో కొత్తగా చేర్చుకోరు. సురక్ష 70 వరకు ఉంటుంది.

సంఘాలు తడబడేది మే నెలలో. డబ్బు కట్ అయ్యేది సభ్యురాలి సొంత ఖాతాలోంచి. సంఘం ఖాతాలో ఎంత నిల్వ ఉన్నా అక్కరకు రాదు. నెలాఖరుకి సొంత ఖాతాలో రెండింటికీ కలిపి 456 రూపాయలు లేకపోతే జూన్ 1 నుంచి బీమా ఆగిపోతుంది. తర్వాత మళ్లీ కట్టి చేరినా, జీవన్ జ్యోతిలో మొదటి 30 రోజుల్లో జబ్బుతో పోతే పైసా రాదు. మే మొదట్లోనే అందరి పాసుపుస్తకాలూ తెప్పించి చూసే సంఘంలో ఈ గొడవ ఉండదు. కూతురు నామినీ అయితే, పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారిందేమో కూడా అప్పుడే చూడాలి.

మంచి వీఓఏ ఎవరో ప్రమాదాలప్పుడు తెలుస్తుంది. ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి పడినా, పొలంలో పాము కరిచినా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లినట్టు రికార్డు కావాలి. నాటువైద్యుడి దగ్గరే ఆగిపోతే సురక్ష క్లెయిం నిలవడం కష్టం. సముద్రంలో మునిగినా, రోడ్డు ప్రమాదమైనా పోలీసు ఫిర్యాదు ఉండాలి. పోస్టుమార్టం వద్దని బంధువులు పట్టుబడితే, నచ్చజెప్పగల మనిషి ఊళ్లోనే ఉండాలి. ఆ పని ఏ టోల్‌ఫ్రీ నంబరూ చేయలేదు.

వలసల దగ్గరే ఈ సేవ వెనకబడింది. హైదరాబాద్, చెన్నై పనుల్లోనో గుజరాత్ బోట్ల మీదో చనిపోయినవాళ్ల మరణం ఆ చనిపోయిన చోటే నమోదు కావాలి, మన పంచాయతీలో చేయరు. గడువు 21 రోజులు. అది దాటితే ఆలస్య రుసుము, ఆఫీసుల చుట్టూ తిరుగుడు. శవంతో బయల్దేరకముందే ఆసుపత్రి కాగితాలు, ఎఫ్ఐఆర్ నకలు తీసుకోమని వీఓఏ ఫోన్లో చెప్పాలి. అందుకు వలస కుటుంబాల జాబితా, అక్కడి మేస్త్రీ నంబరు సంఘం పుస్తకంలో రాసి ఉండాలి. అవి ఉన్న సంఘానికి అయిదుకి అయిదు మార్కులు, లేనిదానికి మూడు.