పాత ఒపెల్ స్వింగ్: బండి కంటే ముందు మెకానిక్‌ని చూసుకోండి

ముందే చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదువుకోండి. తక్కువ డబ్బుల్లో, వెనకంతా సామాను పట్టే జర్మన్ పేరున్న కారు కావాలంటే మన దగ్గర దొరికేది ఒపెల్ కోర్సా స్వింగ్ ఒక్కటే అనుకోండి. బాగున్నది కూడా కొత్త స్కూటర్ ధరకు వచ్చేస్తుంది. నాది అనంతపురంలో డ్రిప్ సామాన్ల షాపు, కొన్నేళ్లుగా ఇంటికీ షాపుకీ ఇదే బండి, నాకు నచ్చింది, అమ్మే ఆలోచన లేదు. అయినా ఎవరైనా వచ్చి "అన్నా, నేనూ ఒకటి చూస్తున్నా" అంటే నేను మొదట అడిగేది మీ ఊళ్లో దీని బానెట్ ఎత్తే మెకానిక్ ఉన్నాడా అనే. లేడంటే బండి ఎంత నిగనిగలాడుతున్నా వద్దంటాను.

ఈ బండి సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త. ఒపెల్ జర్మనీ కంపెనీ, 1862లో కుట్టుమిషన్లతో మొదలై 1899లో కార్లలోకి వచ్చింది, 1929 నుంచి అమెరికా జనరల్ మోటార్స్ చేతిలో ఉండేది. మన దేశంలో గుజరాత్‌లోని హలోల్ ఫ్యాక్టరీలో ముందు ఆస్ట్రా, ఆ తర్వాత కోర్సా చేశారు. కోర్సాలోనే మామూలు డిక్కీ ఉన్నదొకటి, సెయిల్ అని పొట్టిదొకటి, స్వింగ్ అని ఈ పొడుగుదొకటి. 2006లో ఇక్కడ ఒపెల్ పేరు తీసేసి షెవ్రొలే మీదే నడిపారు, 2017లో జనరల్ మోటార్స్ మన దేశంలో అమ్మకాలే ఆపేసింది, అదే ఏడాది ఒపెల్‌ని ఫ్రెంచి వాళ్లకు అమ్మేసింది, హలోల్ ఫ్యాక్టరీ ఎంజీ వాళ్లకు పోయింది. అంటే ఈ బండికి కన్నతల్లీ లేదు, పెంచిన తల్లీ లేదు. ఇటు చూస్తే పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019 మొదలు బండ్లు దిగుతూనే ఉన్నాయి, మా వీధిలో ఎటు చూసినా సెల్టోసే, నేనేమో ఇరవై ఏళ్ల నాటి బండికి డోర్ బీడింగ్ కోసం ఊరూరికీ ఫోన్లు చేస్తుంటాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అసలు సుఖమంతా వెనక ఉంది. వెనక సీటు మడిచేస్తే 16 ఎంఎం లేటరల్ పైపు చుట్టలు, ఫిల్టర్లు, ఎరువు నీళ్లలో కలిపే వెంచురీలు, సందులో టూల్ బాక్సు, అన్నీ లోపలే పెట్టి తాళం వేసుకోవచ్చు. తోట దగ్గర రైతు బుడ్డల (వేరుశనగ) మూట ఒకటి ఇస్తే దానికీ చోటుంటుంది. ఆదివారం అదే సీటు లేపి, దుమ్ము దులిపి, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని కదిరికో లేపాక్షికో పోవచ్చు. ఈ రెండు పనులూ ఒకే బండిలో చేసుకోవాలనే వాళ్లకే ఇది, మిగతావాళ్లకు మామూలు కార్లు చాలు. పల్లెల్లో మాత్రం "ఏమప్పా, ఇది కారా, అంబులెన్సా?" అని అడుగుతారు, అలవాటు చేసుకోవాలి.

జర్మన్ బండి అనగానే అందరూ తలుపు వేసిన చప్పుడు గురించి మొదలుపెడతారు, నేను దాని జోలికి పోను. రోడ్డు మీద సంగతి చెబుతాను. 44వ నంబరు హైవే మీద గుత్తి దాటి డోన్ వైపు పోతుంటే పక్క నుంచి లారీ దూసుకుపోయినా బండి ఊగదు, స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉంటుంది. ఊళ్లో మాత్రం దీనికి తిక్క. క్లచ్ బరువు, పికప్ నిదానం, మైలేజ్ చూసుకుంటే కన్నీళ్లే, హైవే మీద 13 దాకా ఇస్తుంది, సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్‌లో పది కూడా గగనం. లోడు వేసి పల్లె రోడ్లో పెద్ద స్పీడ్ బ్రేకర్ ఎక్కిస్తే కింద గీసుకుంటుంది. రివర్స్ గేరు వేయాలంటే గేర్ రాడ్ మీద ఉన్న రింగు పైకి లాగాలి, ఈ ముక్క చెప్పకుండా పార్కింగ్ కుర్రాడికి తాళం ఇచ్చారంటే గేరుతో కుస్తీ పడుతూ ఉంటాడు.

ఇప్పుడు అసలు తలనొప్పి, వేడి. కొనేవాళ్లు ఈ ఒక్కటైనా శ్రద్ధగా చదవండి. మన జిల్లాల్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇంజిన్‌కి అది సమస్య కాదు, మనం రేడియేటర్‌లో పోసే నీళ్లే సమస్య. మన బోరు నీళ్లు ఎలాంటివో ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది, తెల్లగా సున్నం కట్టి గోకినా రాదు. పాత ఓనర్లూ డ్రైవర్లూ కూలెంట్ ఖర్చెందుకని ఆ నీళ్లే ఏళ్ల తరబడి పోశారు. రేడియేటర్ సన్న గొట్టాల్లో, ఇంజిన్ లోపల నీళ్లు తిరిగే దారుల్లో అదే సున్నం పేరుకుపోతుంది. చలికాలంలో అంతా బాగానే ఉంటుంది, అమ్మేవాడు కూడా అప్పుడే అమ్ముతాడు, ఏప్రిల్ వచ్చి ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డాక ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎరుపు వైపు పోతుంది.

కర్నూల్లో ఫోటో స్టూడియో నడిపే ఒకాయనకు ఇదే జరిగింది. లైట్లు, స్టాండ్లు, గొడుగులు, ఆల్బమ్ పెట్టెలు అన్నీ పడతాయని స్వింగ్ కొన్నాడు, ఆయన పనికి అంత కుదిరిన బండి ఇంకోటి ఉండదు. మే నెలలో నంద్యాల పెళ్లికి పోతూ ఓర్వకల్లు దగ్గర పొగలు. హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయింది. సామానంతా ఆటోలోకి మార్చుకుని ఎలాగో ముహూర్తానికి చేరాడు కానీ ఆ టెన్షన్ ఆయన ఇంకా మర్చిపోలేదు. హెడ్ విప్పి చూస్తే నీళ్ల దారులు సగానికి పైగా తెల్లగా మూసుకుపోయి ఉన్నాయట. బాగు చేయించి అమ్మేసి ఎర్టిగా కొనుక్కున్నాడు. "బండి మంచిదే సామీ, కానీ పెళ్లివాళ్లు నా బండి చల్లారే దాకా కూర్చోరు కదా" అంటాడు. ఆయన మాట ఆయన పనికి నూటికి నూరుపాళ్లు నిజం. నా రైతు ఒక గంట ఆగుతాడు, ఇంకో గంట తిడతాడు, అంతే.

అందుకని చూడ్డానికి పోయేటప్పుడు మధ్యాహ్నం పోండి. బండి నీడలో ఉంచమని, మీరు వచ్చేసరికి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి, పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడని అర్థం. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి లోపల రంగు చూడండి. తుప్పు రంగో, తెల్లటి పొరో కనిపిస్తే ధర తగ్గించడం కాదు, లేచి వచ్చేయండి. ఇంజిన్ ఆయిల్ మూత కింద మీగడలాంటి జిగురు ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమో అని అనుమానించాలి. తర్వాత ఏసీ వేసి, నిలబెట్టిన చోటే ఇరవై నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫ్యాను తిరుగుతుందా, ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. వెనక కార్పెట్ ఎత్తి స్టెపినీ గుంట కూడా చూడాలి, డిక్కీ రబ్బరు పోతే వాన నీళ్లు అక్కడే చేరి తుప్పు పడుతుంది.

కొన్న వెంటనే చేయించాల్సినవి కూడా ఉన్నాయి. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి, ఇందులో వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి రెండూ ఒకేసారి వేయించుకుంటే కూలి ఒకసారే అవుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఈ బండి చేసిన రోజుల్లో ఆ ఊసే లేదు, పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి చీలుతాయి. నా బండి దగ్గర పొద్దున్నే పెట్రోలు వాసన వస్తుంటే ఎందుకా అని చూస్తే అదే. ఇథనాల్‌ని తట్టుకునే ఫ్యూయల్ పైపు అడిగి వేయించాను, వాసన పోయింది. ఇందులో కక్కుర్తి పడొద్దు, నిప్పుతో వ్యవహారం.

చిన్న చిన్నవి మాత్రం నవ్వు తెప్పిస్తాయి. డిక్కీ డోర్‌ని పైకి నిలబెట్టే గ్యాస్ రాడ్లు రెండూ నీరసించిపోయి, మా షాపు కుర్రాడు వంగి పైపు చుట్ట లాగుతుంటే డోర్ వచ్చి వాడి వీపు మీద పడింది. మర్నాడు వాడే ఒక వేప కట్టె కొలత చూసి కోసుకొచ్చాడు, రంగు గీసుకుపోకుండా రెండు చివర్లా సైకిల్ ట్యూబు చుట్టాడు. చాన్నాళ్లు దాంతోనే నడిచింది. ఆ తర్వాత మా మెకానిక్ పాత రాడ్ పొడవు, చివరి బాల్ సైజు కొలిచి, ఇంకో కంపెనీ కారు రాడ్లు తెచ్చి బిగించాడు. మెకానిక్ ముఖ్యం అని మొత్తుకునేది ఇందుకే. కంప్యూటర్ పెట్టి చూసి "ఈ పార్టు రాదు సార్" అనేవాడు మనకు పనికిరాడు, కొలిచి చూసి "ఇది సరిపోతుంది" అనేవాడు కావాలి.

సామాన్ల కోసం అనంతపురంలో తిరగడం దండగ. బెంగళూరు జేసీ రోడ్, హైదరాబాద్ రాణిగంజ్, అక్కడా లేదంటే ఢిల్లీ కశ్మీరీ గేట్. ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు ఎలాగో దొరుకుతాయి. లైట్లు, బంపర్లు, ముఖ్యంగా స్వింగ్‌కి మాత్రమే ఉండే వెనక అద్దం, వెనక లైట్లు దొరకవు, పాత ఇనుము కొట్లలో పడి ఉన్న బండి నుంచి తెచ్చుకోవాల్సిందే. వెనక అద్దం పగిలి ఉన్న బండి ఎంత చవకైనా ముట్టుకోకండి. ఇంకో సంగతి, పార్శిల్లో తెప్పించుకునేటప్పుడు పాత పార్టు ఫోటో, దాని మీద నంబరు పంపి, వాళ్లు కూడా ఫోటో పంపాకే డబ్బు వేయండి. ఒక షాపు వాళ్లు వాటర్ పంపు అని పంపింది మూడు బోల్టుల్లో ఒకటి కూడా కుదరలేదు, తిరిగి తీసుకోమంటే ఫోన్ ఎత్తడం మానేశారు.

కాగితాల సంగతికి వస్తే, ఈ బండ్లన్నీ పదిహేనేళ్లు ఎప్పుడో దాటేశాయి. ఆర్‌సీ రెన్యువల్ అయిందా, ఇంకా ఎన్నేళ్లుందో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టడానికి చేయించే టింకరింగ్, పెయింటింగ్ దీనికి అదనం. బెంగళూరులో బండ్లు శుభ్రంగా ఉంటాయని ఎగబడతారు కానీ కేఏ నంబరున్న కర్ణాటక బండి తెస్తే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, రెండు ఆఫీసుల చుట్టూ తిరుగుడు. ఏపీ 02, 04, 21 నంబర్లలో, అంటే అనంతపురం, కడప, కర్నూలు బండ్లలో దొరికితే ఒక రూపాయి ఎక్కువైనా అదే మేలు. ఇన్సూరెన్స్‌లో ఒక కిటుకు కూడా ఉంది. కోర్సా 1.4, 1.6 పెట్రోలు ఇంజిన్లతో వచ్చింది, థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం 1000 దాటి 1500 సీసీ లోపైతే 3,416, ఆపైన 7,897, పన్ను వేరే. పాత బండికి ఏటా ఆ తేడా తక్కువేం కాదు.

కడపలో నాకు తెలిసిన లెక్చరర్ ఒకాయన దగ్గర స్కోడా ఆక్టేవియా కాంబీ ఉంది, ఆక్టేవియాలో స్వింగ్ లాంటి పొడుగు రకం అది. స్కోడా చెక్ కంపెనీయే అయినా ఇంజిన్ ఫోక్స్‌వ్యాగన్ 1.9 డీజిల్, కాబట్టి జర్మన్ బండ్ల లెక్కలోకి తీసుకోవచ్చు. ఆయన నా బండిని ఎప్పుడూ ఆటపట్టిస్తాడు. గువ్వలచెరువు ఘాట్‌లో ఆయన బండి నిండా మనుషులతో తొణక్కుండా ఎక్కుతుంది, పైన పాలకోవా కొనుక్కుని ఆయన డబ్బులిచ్చేసరికి నేను చేరతాను. ఆక్టేవియా మామూలు బండ్లు చాలా అమ్ముడయ్యాయి, ముందు సగం దీనికీ దానికీ ఒకటే కాబట్టి సామాన్ల బాధ నా అంత లేదు. కానీ టర్బో పోతే, డీజిల్ పంపు పోతే ఖర్చు నా బండి ధరను దాటుతుంది, టైమింగ్ బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వుల్ని గుద్ది ఇంజిన్ మొత్తం విప్పాలి. డబ్బుంటే ఆయనది, ఓపికుంటే నాది.

ఇంట్లో ఉన్నది ఇదొక్కటే బండి, రోజూ టైముకి ఆఫీసుకి పోవాలి అనేవాళ్లు రెండింటి జోలికీ రావొద్దు, హాయిగా ఒక పాత స్విఫ్టో వ్యాగన్ఆరో చూసుకోండి. ఆ లెక్చరర్ ఇప్పుడు రిటైరయ్యి హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి పోతున్నాడు, కాంబీ అమ్ముతానంటున్నాడు. బండి కంటే ఆయన అటక మీద దాచిన స్పేర్ల పెట్టె మీదే నా కన్ను. ఆ పెట్టె కూడా కలిపి ఇస్తేనే ఆ ధర అని నేనంటున్నాను, పెట్టె లెక్క వేరే అని ఆయనంటున్నాడు, బేరం ఇంకా తెగలేదు.