మూత లేని రేడియోకు కొత్త సెల్: జగదాంబ దగ్గరి మరమ్మతు దుకాణంపై సమీక్ష

వెనుక బ్యాటరీ మూత లేకుండా, తయారీలోనే లోపల సెల్ అతికించి పూర్తిగా మూసేసిన పోర్టబుల్ రేడియోకు కొత్త రీఛార్జబుల్ సెల్ వేయించాలంటే విశాఖపట్నంలో ఎక్కడికి వెళ్లాలని ఎవరైనా అడిగితే, జగదాంబ కూడలికి దగ్గరలో ఉన్న ఈ చిన్న మరమ్మతు దుకాణాన్నే చూపిస్తాను. పని శుభ్రంగా జరిగింది, రేడియో మునుపటిలాగే పలుకుతోంది, పైగా మళ్లీ ఎప్పుడైనా సెల్ మార్చవలసి వస్తే టంకం అవసరం లేకుండా మార్చుకునే ఏర్పాటు కూడా చేసి ఇచ్చారు. రెండు విషయాల్లో నాకు అసంతృప్తి ఉంది, వాటినీ దాచకుండా రాస్తున్నాను.

మా రేడియో చేత్తో తిప్పే డైనమో, పైన చిన్న సోలార్ పలక, పక్కన టార్చి ఉన్న అత్యవసర రకం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద తీరం దాటిన తరువాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పని చేయలేదు. బయట ఏం జరుగుతోందో, నీళ్లూ పాలూ ఎక్కడ దొరుకుతున్నాయో తెలుసుకోవడానికి రేడియో ఉన్న ఇళ్ల చుట్టూ జనం చేరారు. ఆ అనుభవం తరువాతే నాన్నగారు పట్టుబట్టి ఇలాంటి రేడియో ఒకటి ఇంట్లో ఉండాలన్నారు. మామూలు రోజుల్లో ఆయన దానిలో ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రాన్ని మీడియం వేవ్‌లో 927 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టుకుని వార్తలు వింటారు. కాబట్టి ఇది షోకు వస్తువు కాదు, పారేసి ఇంకొకటి కొనుక్కోమంటే సరిపోయే వస్తువు కూడా కాదు.

ఇలాంటి రేడియోల్లో ఉన్న అసలు లోపాన్ని కొనేవారికి ఎవరూ చెప్పరు. డైనమో తిప్పితే పుట్టే కరెంటు నేరుగా రేడియోను నడపదు. అది ముందు లోపలి సెల్‌లోకి వెళ్లాలి, అక్కడి నుంచి రేడియోకు రావాలి. మా మోడల్‌లోనైతే సెల్ చచ్చిపోతే డైనమో ఎంత తిప్పినా, ఎండలో ఎంతసేపు పెట్టినా ప్రయోజనం లేదు. స్విచ్ ఆపి ఉంచినా గడియారానికీ, స్టేషన్ల మెమరీకీ కొద్దికొద్దిగా కరెంటు పోతూనే ఉంటుంది, సెల్ కూడా తనంతట తాను కొంత దిగిపోతుంది. లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది, వాడుకలో సగటున 3.6 లేదా 3.7 దగ్గర ఉంటుంది. అది 2.5 వోల్టుల కంటే బాగా కిందికి దిగి చాలాకాలం అలాగే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలుకావచ్చు. కష్టకాలానికి పనికొస్తుందని అలమారలో దాచిన రేడియో ఆ అలమారలోనే పాడవుతుందన్న మాట. విశాఖ వేడి దీన్ని ఇంకా తొందర చేస్తుంది, ఎందుకంటే నిండా ఛార్జి చేసి వేడి చోట ఉంచిన సెల్‌కు సత్తువ తగ్గడం ఎక్కువ.

మా రేడియోలో సెల్ పోయాక, ఈ దుకాణానికి వెళ్లే ముందు దాన్ని తయారీ సంస్థ సేవా కేంద్రంలో చూపించాము. ఈ మోడల్‌కు సెల్ విడిగా రాదని, మార్చే పద్ధతి కూడా తమ దగ్గర లేదని, పాతది ఇస్తే కొత్త రేడియో ధరలో కొంత తగ్గిస్తామని అన్నారు. కొన్ని ఏళ్లకు అరిగిపోతుందని ముందే తెలిసిన ఒక్క భాగం కోసం మిగిలిన రేడియో మొత్తాన్ని వదులుకోమనడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి చిన్న పరికరాల్లో, కొన్ని మినహాయింపులు పోను, బ్యాటరీని వాడుకదారుడే తీసి మార్చుకునే వీలు ఉండాలి. మన దేశంలో 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ (మరమ్మతు సమాచారం ఒకచోట దొరికేలా పెట్టిన ప్రభుత్వ వెబ్‌సైటు) మొదలైంది గాని, సేవా కేంద్రం కౌంటరు దగ్గర నిలబడినవారికి దానివల్ల ఇంకా పెద్ద ఊరట కనిపించడం లేదు. అందువల్లే ఈ దుకాణం లాంటివి మనకు కావాలి.

ఇక్కడి మెకానిక్ గారు రేడియోను చేతికి తీసుకోగానే విప్పడానికి దిగలేదు. ఏ స్టేషన్ ఎలా వచ్చేది, ఛార్జింగ్ లైటు ఎలా వెలుగుతోంది, ఎప్పుడైనా తడిసిందా, పడిందా అని అడిగి తెలుసుకున్నారు. ఆ తరువాత అడుగున ఉన్న రబ్బరు కాళ్లనూ, వెనుక అంటించిన లేబుల్ అంచునూ వేలితో తడిమి వాటి కింద స్క్రూలు ఉన్నాయని చూపించారు. మూసేసిన రేడియో అంటే నిజంగా తెరవలేనిదని కాదు, చాలా వాటిలో స్క్రూలు ఇలా దాగి ఉంటాయి, ఆపైన అంచు చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు, కొద్దిగా జిగురు ఉంటాయి. ఆయన లేబుల్‌ను హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి చిరగకుండా లేపారు, జిగురు ఉన్న అంచును కూడా అలాగే మెత్తబరిచి, ఇనుప స్క్రూడ్రైవర్‌కు బదులు పలుచని ప్లాస్టిక్ ముక్కతో విడదీశారు. రెండు సగాలనూ ఒక్కసారిగా లాగకుండా ముందు వేలెడు సందు మాత్రం చేసి, టార్చి వేసి లోపల తీగలు ఎటు పోతున్నాయో చూశారు. ఈ జాగ్రత్తను నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటున్నాను. స్పీకరు ముందు సగానికి, సర్క్యూట్ బోర్డు వెనుక సగానికి బిగించి ఉంటాయి కాబట్టి తొందరపడి లాగితే స్పీకరు తీగ గాని, టెలిస్కోపిక్ ఏరియల్ తీగ గాని తెగుతుంది. అన్నిటికంటే నాజూకైనది మీడియం వేవ్ కోసం లోపలి ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన వెంట్రుకంత రాగి తీగ. అది తెగితే దాన్ని మళ్లీ సరిగ్గా కలపడం సెల్ మార్చడం కంటే పెద్ద పని.

లోపల ఉన్నది 18650 రకం సెల్, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే గుండ్రని సెల్. పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోనూ, పవర్ బ్యాంకుల్లోనూ చాలామంది చూసే ఉంటారు. రెండు చివరలా నికెల్ పట్టీలు వెల్డింగ్ చేసి, వాటి నుంచి ఎర్ర, నల్ల తీగలను నేరుగా బోర్డుకు టంకం వేశారు. మల్టీమీటరు పెడితే ఒక వోల్టు కూడా లేదు. మా ఛార్జింగ్ లైటు మినుకుమినుకుమంటూ ఉండిపోవడానికి కారణం అదే. బయటి నుంచి సన్నగా కరెంటు ఇచ్చి దాన్ని మళ్లీ లేపవచ్చు కదా అని నేను అడిగాను, ఎందుకంటే కొన్ని దుకాణాల్లో అలా చేసి తక్కువ డబ్బుకే ఇచ్చేస్తారని విన్నాను. "లేపొచ్చండీ, గానీ అలా లేపిన సెల్‌ని మీ ఇంట్లో పెట్టుకోమని నేను చెప్పలేను" అన్నారాయన. అంత కిందికి దిగిన సెల్‌లో కరిగిన రాగి, తిరిగి ఛార్జి చేసినప్పుడు లోపలే పేరుకుని షార్టు కావచ్చని, పెద్దవాళ్లు రాత్రిపూట తలగడ పక్కన పెట్టుకునే వస్తువులో అలాంటి సెల్ ఉండకూడదని వివరించారు. తక్కువ పనితో డబ్బు వచ్చే దారిని ఆయనే కాదన్నారు. ఈ దుకాణం మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

సెల్ ఎంపికలో కూడా అంతే శ్రద్ధ చూపించారు. 18650 సెల్ మీద 9,900 ఎంఏహెచ్ (సెల్ ఎంత ఛార్జి పట్టగలదో చెప్పే కొలత) అని రాసి ఉన్నా నమ్మకూడదు; పేరున్న తయారీదారుల మామూలు సెల్స్ 2,000 నుంచి 3,500 ఎంఏహెచ్ మధ్య ఉంటాయి, చేతిలో పెట్టుకుంటే దాదాపు 45 గ్రాముల బరువు తెలుస్తుంది. అంకె పెద్దదిగా ఉండి చెయ్యికి తేలికగా తగిలితే అనుమానించవలసిందే. పాత లాప్‌టాప్ ప్యాకుల నుంచి తీసిన సెల్స్‌కు కొత్త ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్మడం కూడా బజారులో ఉంది. ఆయన తన దగ్గరున్న కొత్త సెల్‌ను తూకం యంత్రం మీద పెట్టి చూపించి, దాని వోల్టేజీ కొలిచి, సామర్థ్యం పరీక్షించే ఛార్జర్‌లో పూర్తిగా నింపి ఖాళీ చేసిన తరువాతే వేస్తానన్నారు. అందుకోసం రేడియోను మరుసటి రోజు వరకు అక్కడే ఉంచవలసి వచ్చింది. కొందరికి ఇది ఆలస్యంగా తోచవచ్చు, నాకు మాత్రం ఆ సమయం వృథా అనిపించలేదు. అదే సైజులో దొరికే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే వేరే రకం సెల్ గురించి కూడా హెచ్చరించారు. ఆ రకం 3.65 వోల్టులకే నిండుతుంది, మా రేడియో బోర్డు మీదున్న, ఛార్జింగ్‌ను అదుపుచేసే చిప్పు 4.2 వోల్టుల వరకు నింపుతుంది, కాబట్టి సైజు కుదిరినంత మాత్రాన అది ఇందులో వేయకూడదు.

సెల్ చివరల మీద నేరుగా టంకం వేయకపోవడం మరో మంచి పని. సోల్డరింగ్ వేడి సెల్ లోపలి పొరలకూ, మూతి దగ్గరి సీలుకూ హాని చేస్తుంది. అందుకని స్పాట్ వెల్డింగ్ చేసిన నికెల్ పట్టీలున్న సెల్‌నే తీసుకుని, పట్టీల కొసలకు మాత్రం తీగలు అతికారు, ప్లస్ చివర చుట్టూ కాగితపు ఇన్సులేటరు వాషరు వేశారు, పైన వేడికి ఓర్చే టేపు చుట్టారు. పాత సెల్‌కు ఉన్న ప్రొటెక్షన్ బోర్డును పరీక్షించి, అది నమ్మదగినది కాదని కొత్తది వేశారు. ఎక్కువ ఛార్జి కాకుండా, మరీ దిగిపోకుండా, షార్టయితే వెంటనే కరెంటు ఆపేలా చూసేది ఆ చిన్న బోర్డే కనుక, దాని విషయంలో పొదుపు చేయకపోవడం సరైనది. ఆ తరువాత, ఎవరూ అడగకుండానే, తీగల మధ్య రెండు పిన్నుల కనెక్టరు పెట్టారు. ఇకపై ఎవరు విప్పినా పాత సెల్ ఊడదీసి కొత్తది గుచ్చితే చాలు. ఈ కనెక్టర్లలో ఎర్ర తీగ ఏ పక్కన ఉండాలనేది అన్ని తయారీదారుల దగ్గరా ఒకేలా ఉండదని, రేపు వేరే చోట సెల్ కొన్నా ప్లస్ మైనస్ కొలిచి చూసుకున్నాకే గుచ్చమని చెప్పి, బోర్డు పక్కన ప్లాస్టిక్ మీద ప్లస్ గుర్తు పెట్టారు. సెల్ మీద మార్చిన నెల, సంవత్సరం కూడా రాశారు.

సెల్‌ను పాత చోటనే, పాత దిశలోనే కూర్చోబెట్టడంలోనూ అర్థం ఉంది. ఇనుప డబ్బా లాంటి ఆ సెల్ ఫెర్రైట్ కడ్డీకి మరీ దగ్గరైతే మీడియం వేవ్ ట్యూనింగ్ చెదిరి స్టేషన్ బలహీనపడుతుంది. మూయడానికి ముందు ఆయన 927 దగ్గర పెట్టి, రేడియోను అటూ ఇటూ తిప్పి, ఏ వైపు ఎక్కువ వస్తోందో ఏ వైపు తగ్గుతోందో మా నాన్నగారికే వినిపించారు. అంచుకు మళ్లీ జిగురు వేయలేదు; రబ్బరు సీలును శుభ్రం చేసి స్క్రూలతోనే బిగించారు. ఇకమీదట వాన చినుకులు తట్టుకుంటుందన్న హామీ మాత్రం తాను ఇవ్వలేనని స్పష్టంగా చెప్పారు. అలా చెప్పడమే సబబు.

ఇంటికి తెచ్చాక రేడియో వాడకంలో ఏ ఇబ్బందీ కనిపించలేదు. యూఎస్‌బీతో నిండుతోంది, డైనమో తిప్పినప్పుడు ఛార్జింగ్ లైటు వెలుగుతోంది, టార్చి మునుపటికంటే ప్రకాశంగా ఉంది. ఫోన్ ఛార్జర్‌కు తగిలించి వింటే మీడియం వేవ్‌లో గుయ్యిమనే చప్పుడు వస్తుంది, కాని అది ఛార్జర్ నుంచి వచ్చేదే. ముందు కూడా ఉండేది, దుకాణానికి దానితో సంబంధం లేదు.

అసంతృప్తికి కారణాలు ఇవి. మొదటిది, బిల్లు. సెల్, ప్రొటెక్షన్ బోర్డు, పని కలిపి 550 రూపాయలు తీసుకున్నారు. చేసిన పనికి ఇది ఏమాత్రం ఎక్కువ కాదు, అడిగితే ఇంకా ఇచ్చేవాళ్లమే. అయితే ఇచ్చిన చీటీలో "రేడియో రిపేరు" అని మాత్రమే ఉంది. సెల్ తయారీదారు పేరు, సామర్థ్యం, ఎంతకాలం పూచీ అనేవి నోటిమాటగానే మిగిలాయి. ఇంత జాగ్రత్తగా పరీక్షించిన మనిషి ఆ వివరాలను ఒక్క వాక్యంలో రాసి ఇస్తే, రేపు ఆయన లేని సమయంలో వెళ్లినా మాట నిలబడుతుంది. రెండవది, పాత సెల్స్. మా పాత సెల్ చివరలకు టేపు వేసి బల్ల కింది డబ్బాలో వేశారు, కాని ఆ డబ్బాలో టేపు లేని సెల్స్ కూడా కలిసి ఉన్నాయి. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడేసిన సెల్స్‌ను మామూలు చెత్తలో కలపకుండా వెనక్కి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. దుకాణం వారు వాటిని రీసైక్లింగ్ వారికే అందజేస్తామన్నారు. అప్పటివరకు ప్రతి సెల్‌కూ టేపు వేసి, ఇసుక పోసిన లోహపు డబ్బాలో ఉంచితే ఆ ఇరుకు దుకాణంలో పనిచేసేవారికే క్షేమం.

ఇక్కడికి వెళ్లదలచినవారు రేడియోతో పాటు ఛార్జింగ్ కేబుల్ కూడా తీసుకెళ్లండి, మధ్యాహ్నం రద్దీకి ముందే వెళ్తే ఆయన తీరికగా చూస్తారు. పని అయ్యాక రేడియోను అత్యవసరం కోసం దాచుకునేవారు దాదాపు సగం ఛార్జిలో చల్లని చోట ఉంచి, మూడు నెలలకొకసారి తీసి చూసుకోమని ఆయన సలహా. మేము అలాగే చేస్తున్నాము. మీ రేడియో వెనుక భాగం ఉబ్బినట్టు కనిపించినా, తీపి వాసన లాంటిది వస్తున్నా దాన్ని ఇక ఛార్జి పెట్టకండి, ఇంట్లో విప్పకండి, కొరియర్‌లో పంపకండి. ముందు ఫోన్ చేసి చెప్పి, నేరుగా చేతికే ఇవ్వండి.